సోరియాసిస్‌కి పూత మందా.. ఇంజెక్షనా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

మదనపల్లె: డిసెంబర్, జనవరి వచ్చాయంటే హార్స్లీ హిల్స్‌కి టూరిస్టుల కార్లు క్యూ కడతాయి. సముద్ర మట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తు, పొద్దున్నే మంచు, చేతికి తగిలే చలిగాలి.. ఫొటోలకు బాగుంటుంది. కానీ కొండ మీద, కొండ చుట్టుపక్కల పల్లెల్లో సోరియాసిస్‌తో ఉన్నవాళ్లకు ఇదే గడ్డుకాలం. గాలిలో తేమ తగ్గుతుంది, చర్మం పొడిబారుతుంది, ఎండ తగలదు. మోచేతుల మీద, మోకాళ్ల మీద ఉన్న మచ్చలు మందంగా మారి తెల్లటి పొలుసులు రాలడం మొదలవుతుంది. దుప్పటి దులిపితే పొట్టు రాలినట్టు రాలుతుంది.

అప్పుడు మొదలయ్యే ప్రశ్న ఒక్కటే. ఈ ఆయింట్‌మెంట్లు ఎన్నాళ్లు పూయాలి? ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే పోదా? పక్కింటాయనకు సూది వేస్తే వారంలో తగ్గిందట కదా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎందుకంటే "సోరియాసిస్ ఇంజెక్షన్" అనే పేరుతో మన ఊళ్లలో కనీసం మూడు వేర్వేరు మందులు తిరుగుతున్నాయి. ఒకటి ప్రమాదం, ఒకటి పాతదే కానీ పనిచేసేది, ఇంకొకటి కొత్తది, ఖరీదైనది. ఏది ఏదో తెలియకుండా సూది వేయించుకోవడమే అసలు సమస్య. పెద్దవాళ్లలో వచ్చే ప్లాక్ సోరియాసిస్ గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

అసలు ఇది అంటుకుంటుందా?

అంటుకోదు. కలిసి తిన్నా, ఒకే టవల్ వాడినా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఇది తామర కాదు, గజ్జి కాదు, కుష్ఠు అసలే కాదు. శరీరంలోని రోగ నిరోధక వ్యవస్థ అవసరం లేని చోట అతిగా స్పందించడం వల్ల చర్మ కణాలు మామూలు కంటే చాలా రెట్లు వేగంగా పుడుతుంటాయి. సాధారణంగా నెల రోజుల్లో జరగాల్సిన పని కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. పాత కణాలు రాలేలోపే కొత్తవి వచ్చి పేరుకుంటాయి. అదే ఎర్రటి మచ్చ, దాని మీద వెండి రంగు పొలుసు. మన చర్మపు రంగు మీద ఆ ఎరుపు అంతగా కనిపించదు, ముదురు గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో ఉంటుంది. అందుకే చాలామంది తామర అనుకుని నెలల తరబడి తామర మందే పూస్తుంటారు.

సోరియాసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 80 నుంచి 90 శాతం మందికి ఉండేది ఈ ప్లాక్ రకమే. దీన్ని పూర్తిగా, శాశ్వతంగా తీసేసే మందు ఇప్పటివరకూ లేదు. అదుపులో పెట్టే మందులు మాత్రం బోలెడు ఉన్నాయి, అందులో కొన్ని చర్మాన్ని దాదాపు శుభ్రం చేసేస్తాయి. "వేర్లతో సహా తీసేస్తాం" అని బోర్డు కనిపిస్తే అక్కడ ఆగకుండా ముందుకు వెళ్లిపోవడం మంచిది.

ముందు మీ అరచేత్తో కొలవండి

పూత మందు సరిపోతుందా, ఇంజెక్షన్ కావాలా అన్నది మొదట ఆధారపడేది మచ్చలు ఎంత మేర ఉన్నాయన్న దాని మీద. దీనికి మిషన్లు అక్కర్లేదు. మీ అరచేయి, వేళ్లతో కలిపి, మీ ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. రెండు మోచేతులు, రెండు మోకాళ్ల మీద ఉన్న మచ్చలన్నీ కలిపి మూడు అరచేతులంత ఉంటే 3 శాతం అన్నమాట.

మూడు లోపు ఉంటే తక్కువ అంటారు. మూడు నుంచి పది వరకు మధ్యస్థం. పది దాటితే ఎక్కువ. అంతర్జాతీయ సోరియాసిస్ నిపుణుల మండలి 2020లో దీన్ని ఇంకాస్త సులువు చేసింది. మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా పూత మందుతో ఆగకుండా లోపలికి పనిచేసే మందు గురించి ఆలోచించాలని చెప్పింది. ఒంటి మీద 10 శాతం దాటడం ఒకటి. ముఖం, మాడు, అరచేతులు, అరికాళ్లు, గోళ్లు, మర్మావయవాలు లాంటి ఇబ్బందికర చోట్ల ఉండటం రెండోది. పూత మందు సరిగ్గా వాడినా తగ్గకపోవడం మూడోది.

రెండో దాన్ని చాలామంది పట్టించుకోరు. అరచేతులంతా పగుళ్లు ఉంటే అది ఒంట్లో 2 శాతమే కావచ్చు. కానీ మదనపల్లె టమాటా మార్కెట్లో క్రేట్లు ఎత్తే మనిషికి, కుప్పం వైపు గ్రానైట్ పనికి వెళ్లే మనిషికి ఆ 2 శాతం అంటే రోజు కూలి. పైగా సోరియాసిస్ ఉన్న చర్మానికి దెబ్బ తగిలినా, గీరుకుపోయినా అదే చోట కొత్త మచ్చ రావచ్చు. డాక్టర్లు దీన్ని కోబ్నర్ అంటారు. క్రేటు అంచు రోజూ ఒరుసుకునే చోటే మచ్చ మళ్లీ మళ్లీ వస్తోందంటే కారణం ఇది కావచ్చు.

పూత మందుల్లో ఏం ఉంటాయి?

ముందు వరసలో ఉండేవి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు. బెటామెథాసోన్, మోమెటాసోన్, అన్నింటికంటే ఘాటైనది క్లోబెటాసోల్. సరిగ్గా వాడితే ఇవి మంచి మందులే, రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా కనిపిస్తుంది. క్లోబెటాసోల్‌కి రెండు హద్దులు గుర్తుంచుకోండి. వరసగా రెండు వారాలకు మించి వద్దు, వారానికి 50 గ్రాములు దాటొద్దు. ముఖానికి, చంకలకు, గజ్జలకు ఇది పూయకూడదు. అక్కడ చర్మం పలచన. నెలల తరబడి పూస్తే చర్మం ఇంకా పలచబడి, నరాలు పైకి తేలినట్టు కనిపించి, చారలు పడతాయి. ఆ చారలు మళ్లీ పోవు.

రెండో రకం విటమిన్ డి మందు, కాల్సిపోట్రియోల్. చర్మం పలచబడదు, కానీ నెమ్మది. వారానికి 100 గ్రాములు దాటకూడదు, లేదంటే రక్తంలో కాల్షియం పెరగొచ్చు. ఈ రెండూ కలిపిన మందు, అంటే కాల్సిపోట్రియోల్ ప్లస్ బెటామెథాసోన్, రోజుకు ఒక్కసారి పూస్తే చాలు, విడివిడిగా కంటే బాగా పనిచేస్తుంది. పొలుసు మందంగా ఉంటే ముందు శాలిసిలిక్ యాసిడ్‌తో మెత్తబరుస్తారు. ఒక చిన్న చిక్కు ఉంది. శాలిసిలిక్ యాసిడ్, కాల్సిపోట్రియోల్ ఒకే చోట ఒకేసారి పూస్తే రెండోది పనిచేయకుండా పోతుంది. రెండు ట్యూబులూ చీటీలో ఉంటే ఏది పొద్దున, ఏది రాత్రి అని అడిగి రాయించుకోండి.

ముఖానికి, మడతలకు టాక్రోలిమస్ లాంటివి ఇస్తారు. మాడుకు ఆయింట్‌మెంట్ పూస్తే జిడ్డు తప్ప ఉపయోగం తక్కువ, లోషనో ఫోమో కావాలి. తారు మందు, అంటే కోల్ టార్, పాత కాలం నుంచీ ఉంది. వాసన, మరక భరించగలిగితే ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ లాంటివి మందులు కావని తీసిపారేయకండి. చలికాలంలో కాగే నీళ్లు కాకుండా గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాసుకుంటే పొలుసు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, మందు కూడా లోపలికి బాగా వెళ్తుంది. ఖర్చు తక్కువ, సైడ్ ఎఫెక్ట్ దాదాపు లేదు. కొండ మీద చలికాలానికి ఇంతకంటే మంచి సలహా లేదు.

ట్యూబు లెక్క.. ఇక్కడే అసలు సంగతి తేలేది

"ఆయింట్‌మెంట్ పూస్తే తగ్గలేదు" అనేవాళ్లలో చాలామంది నిజానికి సరిపడా పూయలేదు. ఎంత పూయాలో చెప్పే కొలత ఒకటుంది. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబులోంచి పిండితే దాదాపు అర గ్రాము. అది రెండు అరచేతులంత మేరకు, అంటే 2 శాతానికి సరిపోతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒంటి మీద 3 శాతం ఉంటే ఒకసారికి ముప్పావు గ్రాము. రెండు పూటలా అంటే రోజుకు ఒకటిన్నర గ్రాము. 30 గ్రాముల ట్యూబు 20 రోజులు వస్తుంది. బాగానే ఉంది.

10 శాతం ఉంటే? ఒకసారికి రెండున్నర గ్రాములు, రోజుకు 5 గ్రాములు. అదే ట్యూబు ఆరు రోజుల్లో అయిపోతుంది. నెలకు ఐదు ట్యూబులు.

20 శాతం ఉంటే రోజుకు 10 గ్రాములు, వారానికి 70 గ్రాములు. క్లోబెటాసోల్ హద్దు వారానికి 50 అని పైన చెప్పుకున్నాం కదా, అది దాటిపోయింది. వీపు మీద పూయడానికి ఇంకో మనిషి కావాలి. రెండు పూటలా అరగంట ఇదే పని. పొద్దున్నే మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు వేయాల్సిన ఇంట్లో ఇది జరిగే పనేనా? జరగదు. అందుకే మానేస్తారు, మానేశాక పెరుగుతుంది, పెరిగాక "మందు పనిచేయలేదు" అంటారు. మచ్చలు పది శాతం దాటితే డాక్టర్ ఇంజెక్షన్ గురించి మాట్లాడటం వెనక కారణం ఈ లెక్కే. ఇందులో ఆస్పత్రి వ్యాపారం ఏమీ లేదు.

మచ్చలు తగ్గిపోయాక ఏం చేయాలి? చాలామంది ట్యూబు అటక మీద పడేస్తారు. 2021లో వచ్చిన పీఎస్ఓ-లాంగ్ అనే అధ్యయనంలో, తగ్గిన తర్వాత కూడా కాల్సిపోట్రియోల్-బెటామెథాసోన్ ఫోమ్‌ని వారానికి రెండు రోజులు పూస్తూ వచ్చినవాళ్లకు జబ్బు తిరగబెట్టడానికి సగటున 56 రోజులు పట్టింది. మందు లేని ఫోమ్ పూసినవాళ్లకు 30 రోజులే. వారానికి రెండు రోజుల పనికి ఇది మంచి ఫలితమే.

ఆ సూది వేరు.. ఈ సూది వేరు

ఇది జాగ్రత్తగా చదవండి. పల్లెల్లో "చర్మానికి సూది" అంటే చాలాసార్లు డెక్సామెథాసోన్, ట్రయామ్సినలోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్, తుంటికో భుజానికో వేసేది. వేసిన రెండు మూడు రోజుల్లో దురద పోతుంది, మచ్చ చదునవుతుంది. "భలే డాక్టరు" అనిపిస్తుంది. కొన్ని వారాల తర్వాత మందు ప్రభావం దిగిపోగానే జబ్బు ముందుకంటే ఘోరంగా లేస్తుంది. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి పొలుసులు ఊడిపోతాయి, కొందరికి చీము పొక్కులు తేలతాయి. ఈ రెండూ ఆస్పత్రిలో చేరాల్సిన పరిస్థితులు. సోరియాసిస్‌కి స్టెరాయిడ్ మాత్రలు, తుంటికి వేసే స్టెరాయిడ్ సూదులు మామూలుగా ఇవ్వకూడదని చర్మ వైద్యులు మొత్తుకునేది ఇందుకే. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం, అవి అదుపు తప్పుతాయి.

ఒక మినహాయింపు ఉంది. మొండిగా మిగిలిపోయిన ఒకటి రెండు మచ్చల్లోకో, గోరు దగ్గరో చాలా కొద్ది మోతాదు స్టెరాయిడ్‌ని చర్మ వైద్యులే నేరుగా ఎక్కిస్తారు. అది వేరే పద్ధతి, దానికి భయపడక్కర్లేదు.

మందుల షాపులో అడిగితే ఇచ్చే మూడు మందుల కలగలుపు క్రీములదీ ఇదే కథ. స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయోటిక్ అన్నీ ఒకే ట్యూబులో. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. రూల్ ఉంది, అయినా కౌంటర్ దగ్గర అడిగితే ఇచ్చేస్తున్నారన్నది అందరికీ తెలిసిన విషయమే.

కాబట్టి ఎవరు సూది వేస్తామన్నా ఒక్క ప్రశ్న అడగండి. "మందు పేరేంటి?" పేరు చెప్పకపోతే, చీటీ మీద రాయకపోతే వేయించుకోవద్దు.

మెథోట్రెక్సేట్: పాతది, చవకైంది, జాగ్రత్త కావాల్సింది

ఇది మాత్రలుగానూ ఉంది, చర్మం కిందో కండకో వేసే ఇంజెక్షన్‌గానూ ఉంది. సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు. మాత్రతో వికారం, వాంతులు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ నయం. 2017లో ప్రచురించిన మెటాప్ అధ్యయనంలో చర్మం కింద ఇచ్చిన మెథోట్రెక్సేట్‌తో 16 వారాల్లో 41 శాతం మందికి జబ్బు తీవ్రత ముప్పావు వంతు తగ్గింది. డమ్మీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో ఆ సంఖ్య 10 శాతం. అంటే పదిమందిలో నలుగురికి బాగా పనిచేసింది, మిగతావాళ్లకు అంతగా లేదు. ధర చూస్తే ఇది చిన్న విషయం కాదు. కొత్త ఇంజెక్షన్ ఒక్క డోసుకయ్యే ఖర్చుతో ఈ మందు నెలల తరబడి వాడుకోవచ్చు.

జాగ్రత్తలు మాత్రం గట్టివి. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది, అలా పొరపాటున పోయినవాళ్లూ ఉన్నారు. ఆదివారమో, గురువారమో ఒక రోజు పెట్టుకుని క్యాలెండర్ మీద రాసుకోండి. ఇంట్లో అమ్మానాన్నలకు మాత్రలు మీరే ఇస్తుంటే మిగతా మందుల డబ్బాలో దీన్ని కలపొద్దు. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజు ఇస్తారు, అది మానకూడదు. రక్త పరీక్ష, లివర్ పరీక్ష డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించాలి. మందు తాగే అలవాటు ఉంటే డాక్టర్‌కి దాచొద్దు, లివర్ మీద రెండు దెబ్బలు పడతాయి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అస్సలు వాడకూడదు. మగవాళ్లు కూడా ముందే చెప్పాలి.

ఇంకొకటి ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. జ్వరానికో, మూత్రంలో మంటకో వాడే కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయోటిక్, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్త కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టర్ అయినా సరే, "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అని ముందే చెప్పండి.

కొత్త ఇంజెక్షన్లు ఎలా పనిచేస్తాయి?

వీటిని బయోలాజిక్స్ అంటారు. మెథోట్రెక్సేట్ రోగ నిరోధక వ్యవస్థను మొత్తంగా నెమ్మది చేస్తుంది. ఇవి మాత్రం మచ్చకు కారణమైన ఒకటి రెండు సంకేతాలనే పట్టుకుని ఆపుతాయి. టీఎన్ఎఫ్ అనే సంకేతాన్ని ఆపేవి ఒక వర్గం, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్సెప్ట్. ఐఎల్-17ని ఆపేవి ఇంకో వర్గం, సెకుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్. ఐఎల్-23ని ఆపేవి మూడోది, గుసెల్కుమాబ్, రిసాంకిజుమాబ్. పేర్లు నోరు తిరగవు, నిజమే. డాక్టర్ చీటీ మీద ఏది ఉందో పోల్చుకోవడానికి పనికొస్తాయని రాశాం.

ఎన్నిసార్లు వేయించుకోవాలి అన్నది వీటి మధ్య పెద్ద తేడా. అడాలిముమాబ్ మొదటి డోసు 80 మిల్లీగ్రాములు, వారం తర్వాత 40, అక్కడి నుంచి రెండు వారాలకోసారి 40. సెకుకినుమాబ్ మొదటి ఐదు డోసులు వారం వారం, తర్వాత నెలకోసారి. రిసాంకిజుమాబ్ మొదటిది, నాలుగు వారాలకు రెండోది, ఆ తర్వాత 12 వారాలకోసారి. అంటే ఏడాదికి నాలుగైదు సూదులు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్ లాగా నరానికి ఎక్కించేది, దానికి ఆస్పత్రికి వెళ్లి కూర్చోవాలి.

ఫలితాల సంగతికొస్తే పూత మందులకు, వీటికి పోలికే లేదు. 2008లో వచ్చిన రివీల్ అధ్యయనంలో అడాలిముమాబ్ తీసుకున్నవాళ్లలో 71 శాతం మందికి 16 వారాల్లో తీవ్రత ముప్పావు వంతు తగ్గింది. డమ్మీ తీసుకున్నవాళ్లలో 7 శాతం. తర్వాత వచ్చిన మందులు హద్దు ఇంకా పైకి జరిపాయి. రిసాంకిజుమాబ్ మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 వారాలకు 75 శాతం మందికి ముప్పావు వంతు కాదు, ఏకంగా 90 శాతం తగ్గింది. చాలామందికి ఒక్క మచ్చా మిగల్లేదు. ఐఎల్-17 మందులు వేగం, కొన్ని వారాల్లోనే తేడా చూపిస్తాయి. ఐఎల్-23 మందులు కాస్త నిదానం కానీ సూదుల మధ్య విరామం ఎక్కువ.

మనకు దగ్గర్లోనే పుట్టిన బయోలాజిక్ కూడా ఒకటుంది. బెంగళూరు కంపెనీ బయోకాన్ క్యూబా సంస్థతో కలిసి తయారు చేసిన ఇటోలిజుమాబ్‌ని 2013లో సోరియాసిస్ కోసమే మార్కెట్లోకి తెచ్చారు. 2020లో కోవిడ్ అత్యవసర వాడకానికి అనుమతి రావడంతో దాని పేరు వార్తల్లో మళ్లీ వినిపించింది. సోరియాసిస్ వరకూ చూస్తే తర్వాత వచ్చిన ఐఎల్-17, ఐఎల్-23 మందుల స్థాయి ఫలితం దానికి లేదు. 2014 డిసెంబర్‌లో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ అడాలిముమాబ్‌కి బయోసిమిలర్, అంటే అదే పనిచేసే దేశీ మందు తెచ్చింది. అప్పటి నుంచి ధరల్లో కదలిక మొదలైంది.

ఆరోగ్యవరం గుర్తుందా? టీబీ పరీక్ష ఎందుకంటే..

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం. 1915లో అక్కడ టీబీ శానిటోరియం తెరిచారు. ఈ గాలి ఆరోగ్యానికి మంచిదని దక్షిణాది నలుమూలల నుంచి క్షయ రోగులను అక్కడికి తెచ్చేవారు. సోరియాసిస్‌కీ దానికీ ఏం సంబంధం అంటారా? బయోలాజిక్ ఇంజెక్షన్ వేసే ముందు డాక్టర్ మొదట అడిగేది టీబీ గురించే.

మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, జీవితాంతం లేవకపోవచ్చు. దాన్ని పడుకోబెట్టి ఉంచే కాపలాదారుల్లో టీఎన్ఎఫ్ ఒకటి. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆపేది సరిగ్గా దాన్నే. కాపలా తీసేస్తే క్రిమి లేస్తుంది. అందుకే ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష లేదా ఇగ్రా అనే రక్త పరీక్ష తప్పనిసరి. నిద్రాణంగా టీబీ ఉందని తేలితే ముందు నివారణ మందులు మొదలుపెడతారు, కనీసం నెల గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. ఐఎల్-17, ఐఎల్-23 మందులతో ఈ ప్రమాదం బాగా తక్కువ, అయినా పరీక్ష చేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే, సిగ్గుపడి దాచకండి. ఈ మందు విషయంలో ఆ ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది.

హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేస్తారు. గుండె బలహీనత తీవ్రంగా ఉన్నవాళ్లకు టీఎన్ఎఫ్ మందులు పడవు. పేగుల్లో పుండ్లు, రక్త విరేచనాల జబ్బు ఉన్నవాళ్లకు ఐఎల్-17 మందులు దాన్ని ఎక్కువ చేయొచ్చు. కీళ్ల నొప్పులు, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం ఉంటే అది సోరియాసిస్ కీళ్లవాతం కావచ్చు. పూత మందు దానికి ఏమీ చేయలేదు. మచ్చలు తక్కువ ఉన్నా ఇంజెక్షన్ వైపు వెళ్లాల్సిన సందర్భం అది. ఆలస్యమైతే కీళ్లు వంకర పోతాయి, తర్వాత ఏ మందూ వాటిని నిటారు చేయదు.

ఖర్చు, ఫ్రిజ్, బస్సు ప్రయాణం

బయోలాజిక్ ఒక్క డోసుకే వేలల్లో అవుతుంది, ఏడాది లెక్క వేస్తే లక్ష దాటడం మామూలే. కంపెనీల పేషెంట్ స్కీములు ఉంటాయి, రెండు డోసులు కొంటే ఒకటి ఉచితం లాంటివి. డాక్టర్‌ని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. ఎన్టీఆర్ వైద్య సేవలో మీ చికిత్సకు ఏం వర్తిస్తుందో ఆస్పత్రిలోని వైద్యమిత్ర దగ్గరే తేల్చుకోండి. ఒక్క డోసు వేయించుకుని డబ్బుల్లేక ఆపేయడం కంటే, మెథోట్రెక్సేట్ క్రమంగా వాడటమే మేలు. ఇది మా అభిప్రాయమే కాదు, అడపాదడపా వాడితే శరీరం ఆ మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేసుకుని, తర్వాత డబ్బులున్నా మందు పనిచేయకపోవచ్చు.

ఈ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపులో కాదు, మధ్య అరలో పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పాడైపోతుంది, గడ్డకట్టింది కరిగినా వాడకూడదు. బెంగళూరులో కొని కుప్పానికి రైల్లోనో, మదనపల్లెకి బస్సులోనో తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాక్ ఉన్న డబ్బా కావాలి, కానీ సిరంజి ఐస్‌కి నేరుగా తగలకుండా బట్ట చుట్టండి. కొండ మీద కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే వెంటనే పారేయక్కర్లేదు. బయట ఎన్ని రోజులు ఉండొచ్చో ఒక్కో మందు కరపత్రంలో రాసి ఉంటుంది, చూసుకోండి లేదా కొన్న షాపుకి ఫోన్ చేయండి.

ఎక్కడికి వెళ్లాలి? కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. తిరుపతిలో రుయా, పొరుగున వేలూరు సీఎంసీ, అటు బెంగళూరు. చర్మ విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రికి ఒకసారి వెళ్లి జబ్బు ఏంటో నిర్ధారించుకుని, ప్లాన్ రాయించుకుని, తర్వాత రక్త పరీక్షలు దగ్గర్లో చేయించుకోవచ్చు. లైట్ ట్రీట్‌మెంట్, అంటే ఫొటోథెరపీ మంచిదే, గర్భిణులకు కూడా ఇవ్వొచ్చు. కాకపోతే వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి. పుంగనూరు దాటి లోపలి పల్లెల నుంచి వారానికి మూడు బస్సు ప్రయాణాలు నెలల తరబడి చేయడం అందరివల్లా కాదు. మాత్రల్లో అప్రెమిలాస్ట్ కూడా ఉంది, రక్త పరీక్షలు తక్కువ, ఫలితం బయోలాజిక్స్ అంత ఉండదు.

రెండింటిలో ఒకటే ఎంచుకోవాలా?

అవసరం లేదు. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు కూడా మాడులోనో, ముంజేతి మీదో మిగిలిన మచ్చకు పూత మందు వాడతారు. ఇంజెక్షన్ మొదలైన తొలి వారాల్లో, అది పనిచేయడం మొదలయ్యేదాకా ఆయింట్‌మెంట్ ఆపొద్దు.

ఇంజెక్షన్ ఎన్నాళ్లు? తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరగబెడుతుంది. పూర్తిగా శుభ్రమై చాలాకాలం అలాగే ఉన్నవాళ్లకు డాక్టర్లు విరామం పెంచి చూస్తారు. జ్వరం, విడవని దగ్గు, బరువు తగ్గడం ఉంటే తర్వాతి డోసు వేయించుకోకముందే డాక్టర్‌కి చూపించండి. ఇంజెక్షన్ తీసుకుంటున్న మీరు బతికున్న క్రిమి ఉండే టీకాలు వేయించుకోకూడదు. ఏ టీకా అయినా ముందు అడగండి.

ఒళ్లంతా ఒక్కసారిగా ఎర్రబడి, చలితో వణుకు వచ్చి, కాళ్లు వాచి, చర్మం పలకలుగా ఊడుతుంటే మాత్రం ఆయింట్‌మెంటా, ఇంజెక్షనా అన్న ప్రశ్న పక్కన పెట్టి అదే రోజు 108కి ఫోన్ చేసి పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇప్పటివరకూ వాడిన ట్యూబులు, చీటీలు, ఖాళీ ఇంజెక్షన్ సీసాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.